ఒక సీటుకి రెండు కిరాయిలు

సూరత్ నుంచి ముప్పై ఏళ్ళు యాత్రా బస్సులు నడిపించాను. నాకంటే పెద్ద బస్సులున్నవాళ్ళు, మెత్తని సీట్లున్నవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. కానీ ఒకే ప్రయాణంలో ఒకే సీటుని దేవుడి పేరు మీద ఒకసారి, నాయకుడి పేరు మీద ఇంకోసారి అమ్మి, ఇద్దరి దగ్గరా ముందే కిరాయి పుచ్చుకున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఆ బేరం కుదిరిన రోజు ఇంటికి మిఠాయి పట్టుకెళ్ళాను. మా ఆవిడ డబ్బా మూత తీసి చూసి, "ఎవల్ని ముంచినవ్?" అంది. ఆమెదీ దుకాణదారుల ఇల్లే. మిఠాయి ఎప్పుడొస్తుందో తెలుసు.

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు సూరత్ పక్కన కామ్‌రేజ్‌లో మా ఫ్లాట్‌కి వచ్చి, "అంకుల్, మేం కూడా ట్రావెల్స్ పెడుతున్నాం, అనుభవం చెప్పండి" అని అడిగారు. చెప్పడం మొదలుపెట్టగానే ఫోన్లు చూసుకున్నారు. అందుకని రాస్తున్నాను. కాగితం అయితే కనీసం పకోడీ పొట్లానికి పనికొస్తుంది.

పని అంటే ఇది

మా నాన్నది కోరుట్లలో కిరాణా దుకాణం. అటు పక్క బట్టల కొట్టు మా బాబాయిది, ఇటు పక్క ఇనుప సామాన్ల కొట్టు మా మేనమామది. చిన్నప్పుడు నాకు కథలు ఎవరూ చెప్పలేదు, ధరలు చెప్పారు. ఆ చదువుతో సూరత్ వచ్చి పాండేసరలో ఒక చాయ్ బండి పక్కన బల్ల వేసుకుని కూర్చున్నాను. బల్ల మీద ఒక నోటు పుస్తకం, వెనక గోడ మీద రేట్ల బోర్డు. అదే ఆఫీసు.

నా ప్రయాణికులు కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి వచ్చి లూముల మీద, రంగుల మిల్లుల్లో పనిచేసే మనవాళ్ళు. పన్నెండు గంటల షిఫ్టు. వాళ్ళకి యాత్ర అంటే శనివారం సాయంత్రం మిల్లు గేటు దగ్గర బస్సెక్కి, సోమవారం పొద్దున అదే గేటు దగ్గర దిగడం. మధ్యలో దేవుడు. దర్శనం ఆలస్యమైందని మేస్త్రీకి చెబితే, "ఆ దేవుడినే జీతం అడుక్కో" అంటాడు. కాబట్టి ఈ పని భక్తి కాదు, గడియారం. ఇప్పటి కుర్రవాళ్ళు "ఆధ్యాత్మిక ప్యాకేజీ" అని అమ్ముతున్నారు. అందులో వీఐపీ దర్శనం, ఏసీ గది, తిలకంతో ఫోటో అన్నీ ఉంటాయి, తిరిగొచ్చే టైము తప్ప. టైము తెలియని పూజారిని దేవుడు క్షమిస్తాడేమో గానీ, టైము తెలియని ట్రావెల్స్‌వాణ్ణి మిల్లు క్షమించదు.

కాంతిభాయ్

నాకు మొదట పని నేర్పింది కాంతిభాయ్ అనే శేఠ్. ఆయన దగ్గర రెండు బస్సులు, ఒక్క చొక్కా ఉండేవి. ధర్మశాలలో గది బేరం ఆడేటప్పుడు ఎంతమంది ఉన్నారో ముందు చెప్పొద్దు, గది చూసి ముక్కు చిట్లించాకే చెప్పు అనేవాడు. ఈ పాఠం నాకు అవసరం లేదు, పుట్టుకతోనే వచ్చింది. రెండో పాఠమే కొత్త. "గంగాధర్, ధంధే మే ఝూట్ చలేగా, కసమ్ నహీ చలేగా" అనేవాడు. వ్యాపారంలో అబద్ధం నడుస్తుంది, ఒట్టు నడవదు. ఒట్టు పెట్టినవాడి సరుకు కొనొద్దు, నువ్వు ఒట్టు పెట్టి అమ్మొద్దు.

ముప్పై ఏళ్ళలో అబద్ధాలు చెప్పీ చెప్పీ నా నాలుక నున్నబడింది. ఒట్టు మాత్రం ఒక్కసారే పెట్టాను. అక్కడికి వస్తాను.

అందరిదీ ఒకటే గోత్రం

నా తెలివి ఎలాంటిదో తెలియాలంటే ముందు ఇది వినాలి. నాసిక్ దగ్గర ఒక క్షేత్రానికి నలభై మందిని తీసుకెళ్ళాను. అందరూ పద్మశాలీలు. అక్కడ ఇంటింటికీ విడిగా గోత్రం చెప్పి సంకల్పం చేయించుకోవాలి, ఇంటికింత దక్షిణ. నాకు ఒళ్ళు మండింది. కూరగాయలు కూడా బస్తా లెక్కన కొంటే తగ్గిస్తారు కదా! పూజారిని పక్కకి పిలిచి, "వీళ్ళందరిదీ ఒకే గోత్రం, ఒకే సంకల్పం చాలు, ఒకే దక్షిణ" అన్నాను. ఆయన పాపం నమ్మాడు. పావుగంటలో నలభై మందికీ పూజ అయిపోయింది. మిగిలిన దక్షిణ నా జేబులో పడింది.

బస్సెక్కాక నర్సయ్య అనే పెద్ద లూము మేస్త్రీ నా సీటు దగ్గరికి వచ్చాడు. "సేటూ, నీకో ముచ్చట ఎర్కేనా? ఈ బస్సులనే మా పిలగానికి పిల్లను జూస్తున్నం. పిల్ల వెనుక సీట్ల ఉన్నది."

"మంచిదేనాయె మామా."

"ఏం మంచిది! దేవుని ముంగట ఇద్దరిది ఒక్కటే గోత్రమని జెప్పిస్తివి. ఇప్పుడు వాళ్ళు అన్నాచెల్లెండ్లయిరి. పిల్ల తల్లి ఏడుస్తున్నది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. పది కిలోమీటర్లు వెళ్ళిన బస్సుని వెనక్కి తిప్పించాను. పూజారి మళ్ళీ స్నానం చేసి వచ్చి, ఇంటింటికీ విడిగా సంకల్పం చెప్పి, రెండింతల దక్షిణ నా జేబులోంచే తీసుకున్నాడు. పెళ్ళి జరిగింది. కార్డు మీద రెండు గోత్రాలూ పెద్దక్షరాల్లో అచ్చు వేయించి, మొదటి కార్డు నాకే ఇచ్చారు.

దీంతో బుద్ధి రావాలి. రాలేదు. దేవుడి దగ్గర బేరం కూడదని కాకుండా, ఇంకాస్త జాగ్రత్తగా ఆడాలని నేర్చుకున్నాను.

నా రాజకీయం

ఇది దాచను. నేను పాతకాలపు మనిషిని. పండగని పండగలా చెయ్యాలని, పెద్దవాళ్ళు కూర్చున్నాకే కూర్చోవాలని, అప్పు చేసి ఆడంబరం చెయ్యొద్దని, సర్కారు నా దుకాణంలోకీ నా పూజగదిలోకీ తొంగి చూడొద్దని నమ్మేవాణ్ణి. నా ఓటు ఎప్పుడూ ఈ మాటలు చెప్పేవాళ్ళకే వేశాను, ఇకముందూ వేస్తాను. ఉచితంగా ఇస్తామనేవాళ్ళంటే నాకు గిట్టదు. ఉచితంగా ఇచ్చిన దుకాణం ఏదీ రెండో ఏడు తెరిచి ఉండగా నేను చూడలేదు.

అయితే ఈ మాటలు చెప్పే మనవైపు నాయకుల్ని దగ్గరగా చూడటమే నా ఖర్మ. ధర్మం గురించి మైకులో గొంతు చించుకున్న మహానుభావుల్లో ఒక్కడు కూడా ధర్మశాలలో చాప మీద పడుకోలేదు. క్యూ లేని తలుపు ఎక్కడుందో అడగకుండా గుడి మెట్టెక్కలేదు. అవతలివైపు వాళ్ళూ నా బస్సులెక్కారు. వాళ్ళు 'మేం దేవుణ్ణి నమ్మం' అంటారు గానీ ప్రసాదం రెండుసార్లు అడుగుతారు. తేడా అంతే. నేను మనవైపే ఉన్నాను, ఎందుకంటే మాట మంచిది. మాట చెప్పేవాడు మంచివాడై ఉండాలని పట్టుబడితే ఎక్కడా నిలబడటానికి చోటు దొరకదు.

ఇంత తెలిసినవాణ్ణి ఏం చేశానో వినండి.

ఆ బస్సు

మనవాళ్ళ ఓటు ఇంకా సొంతూళ్ళోనే ఉంటుంది. ఎన్నికలు వస్తే అక్కడి నాయకుల మనుషులు సూరత్ వచ్చి బస్సులు మాట్లాడి, ఓటర్లని ఎక్కించుకుపోతారు. అలా వచ్చినవాడే శ్రీకాంత్. తెల్ల చొక్కా, మణికట్టు నిండా ఎర్ర దారాలు.

"కాకా, ధర్మం కోసం ఒక బస్సు గావాలె. దేవుని పని. జర తక్కువ జెయ్యి" అన్నాడు.

"దేవుని పనైతే దేవుని రేటు, ఎలక్షన్ పనైతే ఎలక్షన్ రేటు. ఏదో ఒకటి జెప్పు తమ్మీ."

వాడు నవ్వి ఎలక్షన్ రేటుకే ఒప్పుకున్నాడు. బస్సు కిరాయి మొత్తం, పైన భోజనాలు. అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. పోలింగు అయిన మర్నాడు బస్సు ఖాళీగానే ఉంటుంది, వేములవాడ దగ్గరే. బోర్డు మీద రాయించాను: వేములవాడ రాజన్న యాత్ర, ఓటు వేసుకునే వీలు కూడా. రేటు మామూలే. రెండు రోజుల్లో బస్సు నిండింది.

అందులో రెండు సీట్లు రాజవ్వవి, ఆమె భర్త మల్లేశంవి. ఇద్దరూ సూరత్ శివార్లలో ఉన్ అనే బస్తీలో ఒక గదిలో ఉండేవాళ్ళు. ఏడాది ముందు రంగుల మిల్లులో ఆవిరి గొట్టం పగిలి మల్లేశం కాలు కాలింది. నడవడన్నారు. రాజవ్వ ఇంట్లో కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేది, చీరకింత అని కూలి. మొగుడు మళ్ళీ నడిస్తే వచ్చి కోడె కడతానని రాజన్నకి మొక్కుకుంది. మావైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను: కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, స్వామి ముందు కట్టేయడమే ఆ మొక్కు. ఆమె దానికి ఇంకో మెలిక పెట్టుకుంది. బస్సు కిరాయి నుంచి కోడె టికెట్టు దాకా ప్రతి పైసా తన చేతి కష్టమే అయ్యుండాలి. దారాల కూలిలో కొంత కొంత పసుపు గుడ్డలో ముడుపు కట్టి, దేవుడి పటం ముందు పెట్టింది. మల్లేశం నడిచాడు. ఆమె ఆ ముడుపు విప్పి, పసుపంటిన నోట్లు నా బల్ల మీద పెట్టింది. ఆ పసుపు చాలాసేపు నా వేళ్ళకి అంటుకుని ఉంది. లెక్క పెట్టి జేబులో వేసుకున్నాను.

బస్సు ధూలే దాటి చాలా దూరం వెళ్ళాక ఒక ధాబా దగ్గర ఆగింది. మధ్యాహ్నం. అందరూ తింటుండగా శ్రీకాంత్ బెంచీ ఎక్కాడు.

"అక్కలారా, అన్నలారా! ఈ బస్సు మన అన్న పెట్టిన బస్సు. కిరాయి అన్నదే, తిండి అన్నదే. మీరు ఒక్క రూపాయి పెట్టే పని లేదు. అన్నను మాత్రం మర్వొద్దు!"

ఒక్క క్షణం ఎవరూ నమలలేదు. తర్వాత అందరి తలలూ నావైపు తిరిగాయి. నేను పప్పులో ఉప్పు సరిపోయిందా అని చాలా శ్రద్ధగా చూస్తున్నాను.

మగవాళ్ళు గొడవ చేశారు. ఇంకో స్వీటు, తిరుగు ప్రయాణంలో ఒక పూట బిర్యానీ మాటిచ్చాను. సద్దుమణిగారు. మనవాళ్ళ కోపం ఖరీదు నాకు ఎప్పుడూ తెలుసు. రాజవ్వ మాత్రం చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చింది.

"సేటూ, కిరాయి ఆయన ఇస్తే, నా పైసలు ఏడున్నయ్?"

"అవీ ఇందులనే ఉన్నయ్ చెల్లె. ఆయన డీజిల్ వోసిండు, దర్శనం నీది."

"ఇందుల లేవు. నీ జేబుల ఉన్నయ్." గొంతు పెంచలేదు. "ఎవలి బండ్ల వోతే పుణ్యం వాళ్ళది. గా లీడర్ బండ్ల వోయి కోడె గడ్తె, అది లీడర్ కోడె అయితది. మేం దిగుతం. మా పైసలు ఇయ్యి."

నాయకుడు ఆ రెండు సీట్లకి ముందే ఇచ్చాడు. మర్యాదగా మొత్తం తిరిగి ఇచ్చేస్తే నాకు పోయేది ఏమీ లేదు. కానీ బేరం అలవాటు తల గోక్కునే అలవాటు లాంటిది, దురద లేకపోయినా చెయ్యి వెళుతుంది. "సగం తొవ్వ వచ్చిన్రు గద రాజవ్వా, సగమే వస్తది" అన్నాను.

మల్లేశం ఏదో అనబోయాడు. ఆమె ఆపింది. సగమే తీసుకుంది. బేరం ఆడలేదు. మొగుడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటి, ఎర్ర బస్సు ఆగే చోట నిలబడింది. మా బస్సు కదిలేటప్పటికి కూడా ఇద్దరూ అక్కడే ఉన్నారు. కుంటుతున్న మనిషి, చేతిలో పసుపు గుడ్డ పట్టుకున్న మనిషి. శ్రీకాంత్ తలలు లెక్కపెట్టి, "ఇద్దరు తక్కువున్నరు కాకా, పైసలు గోస్త" అన్నాడు. ఎక్కడమే లెక్క, దిగడం లెక్క కాదని వాడితో నాందేడ్ దాకా వాదించి గెలిచాను. ఆ గెలుపు కూడా అప్పట్లో గొప్పగా చెప్పుకున్నాను.

తర్వాత తెలిసింది. వాళ్ళు నాలుగు బస్సులు మారి వేములవాడ చేరేసరికి చేతిలో తిరుగు ఛార్జీలకి మాత్రమే మిగిలింది. కోడె టికెట్టుకి లేదు. వాళ్ళ ఊరు దగ్గరే, అడిగితే చుట్టాలు ఇచ్చేవాళ్ళు. రాజవ్వ అడగలేదు. "అప్పు దెచ్చి కడ్తె, అది అప్పిచ్చినోని కోడె" అందట. గుడి బయటే దండం పెట్టుకుని, మొక్కు తీరకుండానే ఉన్‌కి తిరిగొచ్చి, మళ్ళీ దారాలు కత్తిరించడానికి కూర్చుంది.

నాయకుడు గెలిచాడా ఓడాడా అని అడుగుతారు. గెలిచాడు. రెండేళ్ళలో అవతలివైపుకి దూకాడు. ధర్మాన్ని కూడా వెంట తీసుకుపోయినట్టున్నాడు, ఇక్కడ ఆ పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తీసుకునేవాళ్ళు, తీసుకోనివాళ్ళు

ఇంట్లో మా ఆవిడ నెల రోజులు నాకు మజ్జిగ ఇవ్వలేదు. అన్నం పెట్టేది, మజ్జిగ ఇచ్చేది కాదు. "సగం అన్నం తిన్నవ్ గద, సగమే వస్తది" అనేది. ఒకరోజు నోటు పుస్తకం పట్టుకుని బయల్దేరాను. ఆ బస్సులో ఎక్కినవాళ్ళని గదిగదికీ వెళ్ళి వెతికి కిరాయి తిరిగిచ్చాను. ఒక్కొక్కడూ నవ్వుతూ తీసుకున్నాడు. నర్సయ్య అయితే నోట్లు ఎండకి పెట్టి చూసి, "ఏంది సేటూ, ఎలక్షన్ల నిలవడుతున్నవా?" అన్నాడు. గల్లీ అంతా ఆ మాట పాకింది. వారం రోజులు కుర్రవాళ్ళు నన్ను చూసి నినాదాలు ఇచ్చారు.

రాజవ్వ తీసుకోలేదు. గడప దగ్గర నిలబడి, మిగిలిన సగం ఇవ్వబోయాను. ఆమె కత్తెర ఆపలేదు.

"గప్పుడు ఇస్తే నావి. ఇప్పుడు ఇస్తే నీవి. నీ పైసలు నాకెందుకు?"

"డబల్ ఇస్త."

"డబల్ నీ పైసలు."

"ఫ్రీగ తీస్కపోత ఇద్దర్ని."

"గా లీడర్ గిట్లనే అన్నడు."

నేను పుట్టినప్పటి నుంచీ బేరాల్లో ఉన్నాను. కొనేవాడు ఒప్పుకోని ధరలు చూశాను, అమ్మేవాడు దిగని ధరలు చూశాను. ధరే లేదనే మనిషిని మొదటిసారి చూశాను. గుమ్మం నిండా చీరలు, వాటి మీద తెగిన దారాలు. వెనక్కి వచ్చేటప్పుడు ఒక దారం నా చొక్కాకి అంటుకుని ఇంటిదాకా వచ్చింది.

బోర్డు మీద రేటు

ఏడాదిన్నర తర్వాత పాండేసరలో నా బల్ల ముందుకి రాజవ్వ వచ్చింది. వెనక మల్లేశం. ఆమె చేతిలో అదే పసుపు గుడ్డ.

"ఎములాడ బస్సు ఉన్నదా?"

"ఉన్నది. మీ ఇద్దరికి సగం ఇస్తే సాలు."

"బోర్డు మీద గంత రాసి నాకు ఇంత జెప్తవేంది?"

"అందరికి గట్లనే చెల్లె, బోర్డు మీద జర ఎక్కువ రాస్తం. పోనీ ముప్పావు."

"సేటూ, మొత్తం దీస్కో."

"నా మాట గూడ ఉంచు. పది రూపాలు దక్కువ ఇయ్యి."

"ఒక్క రూపాయి దక్కువైనా నేను రాను."

చాయ్ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకుని వింటున్నారు. కొనేది పెంచుతోంది, అమ్మేవాడు తగ్గిస్తున్నాడు. మా నాన్న చూసి ఉంటే దుకాణం తలుపులు వేసుకునేవాడు. చివరికి బోర్డు రేటే ఖాయమైంది. నా జీవితంలో నేను ఓడిపోయిన పెద్ద బేరం అదే. అయినా ఆమె నోట్లు అప్పుడే ఇవ్వలేదు.

"ఈ బస్సుకు ఇంకెవలన్న పైసలిచ్చిన్రా?"

"లేదు."

"రాజన్న మీద ఒట్టు వెట్టు."

కాంతిభాయ్ పోయి చాలా ఏళ్ళయింది. అయినా ఆయన నా భుజం మీద చెయ్యి వేసినట్టే అనిపించింది. ధంధాలో ఒట్టు నడవదు. కానీ అప్పుడు నేను ధంధాలో ఉన్నానా లేదా అన్నది నాకే తెలియలేదు. రాజన్న మీద ఒట్టు పెట్టాను. ఆమె నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. మళ్ళీ పసుపు.

ఆ యాత్రకి నేనే వెళ్ళాను. వేములవాడలో గుడి ముందు రాజవ్వ ఇద్దరి చెప్పులూ నా కాళ్ళ దగ్గర విడిచి, "జర జూస్తుండు సేటూ" అంది. దొంగలు ఎక్కువగా ఉన్నారని కాదు. నాకు ఏదో ఒక పని ఇవ్వాలి కదా. ముప్పై ఏళ్ళు జనాన్ని గుడిలోకి పంపి బయట లెక్కలు చూసుకున్నవాణ్ణి, ఆ రోజు రెండు జతల చెప్పులకి కాపలా నిలబడ్డాను. లోపల నుంచి కోడె మెడలో గంట వినిపించింది. మల్లేశం కోడె తాడు పట్టుకుని కుంటుకుంటూ తిరిగాడట. కోడె అతని నడకకి సరిపోయేలా మెల్లగా నడిచిందని రాజవ్వ బయటికి వచ్చి చెప్పింది. కొబ్బరి చిప్ప విరిచి నా చేతిలో ఒక ముక్క పెట్టింది. దాని ధర నేను అడగలేదు.

తిరిగొచ్చాక బోర్డు దించేశాను. కుర్రవాళ్ళూ, మీలో ఎవరికి కావాలంటే వాళ్ళు నా బస్సు కొనుక్కోండి. రేటు ఒక్కటే, బేరం లేదు.

లెక్క

కుర్రవాళ్ళు సూత్రాలు అడుగుతారు. భోజనం తర్వాత తలలు లెక్కపెట్టండి. పూజారి ముందు గోత్రాలు కలపకండి. యాత్రకి యాత్ర అనే పేరు పెట్టండి, ఓటుకి ఓటు అని. ఇవి నాకు ముందూ తెలుసు. తెలిసి చేసిందే పైన రాశాను. ఇక బిల్లు.

రాజవ్వ, మల్లేశం: మొదటిసారి ఇద్దరి కిరాయి నిండుగా ఇచ్చారు. సగం దారిలో దిగారు. సగం తిరిగి తీసుకున్నారు. రెండోసారి ఇద్దరి కిరాయి నిండుగా ఇచ్చారు. వెళ్ళి వచ్చారు. బాకీ లేదు.

నాయకుడు: మొత్తం సీట్లకి ఇచ్చాడు. రెండు సీట్లు ఖాళీగా వెళ్ళాయి. వాటి సొమ్ము వాదించి ఉంచుకున్నాను. అడిగితే ఇస్తాను. అడగడు, ఎందుకంటే అది వాడిదీ కాదు.

మిగతా ప్రయాణికులు: అందరికీ చెల్లించాను. బిర్యానీ మాటిచ్చి పెట్టలేదు.

నేను: రాజవ్వకి ఇవ్వాల్సింది రెండు సగాలు, అంటే ఒక నిండు టికెట్టు. ఆమె తీసుకోదు, మా ఆవిడ ఖర్చు పెట్టనివ్వదు, హుండీలో వేద్దామంటే అవి నా పైసలు కావు, ఆమెవీ కావు. పసుపంటిన ఆ నోట్లు నోటు పుస్తకంలోనే ఉన్నాయి. ఏడాదిన్నర దారాల కూలి ఆమె రెండోసారి కట్టింది నా వల్ల. దానికి ఏ వరసలో ఏమి రాయాలో తెలియక ఆ గీత ఖాళీగా వదిలేశాను. మొత్తం వెయ్యలేదు.